చూపు మందగించిన అమ్మకు లేని మనుషులు కనిపిస్తున్నారు

తూర్పుగాలి

అందరికీ నమస్కారం. మా అమ్మకు 78 ఏళ్లు. వయసుతో వచ్చే మాక్యులర్ డీజెనరేషన్ (కంటి వెనుక పొర అయిన రెటీనాలో, నడిమి చూపునిచ్చే మాక్యులా అనే భాగం దెబ్బతినడం) వల్ల రెండు కళ్లలోనూ నడిమి చూపు బాగా పోయింది. పక్కల నుంచి కొంత కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో తన పనులు తానే చేసుకుంటుంది. మాత్రలు ఏ వేళకు ఏవి వేసుకోవాలో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో ఇప్పటికీ నేనే ఆమెను అడిగి తెలుసుకుంటాను.

ఈమధ్య కుర్చీలో కూర్చోబోయే ముందు చేత్తో తడిమి చూస్తోంది. ఎందుకమ్మా అంటే మాట మార్చేది. నిన్న గట్టిగా అడిగితే చెప్పింది: "అందులో ఎవరైనా కూర్చుని ఉన్నారేమోనని." సాయంత్రమయ్యేసరికి గోడ మీద ఇటుకలు పేర్చినట్టు గళ్లు కనిపిస్తాయట. ఆ తర్వాత మోచేతి ఎత్తు మనుషులు వరసగా నడిచి వెళతారట. పొడవాటి టోపీలు, మెరిసే బట్టలు. మాట్లాడరు, అమ్మ వైపు చూడరు. "వాళ్లు లేరని నాకు తెలుసు. కానీ నీ ముఖం కనిపించదు, వాళ్ల బట్టల మీద కుట్టుపని మాత్రం కనిపిస్తోంది" అంది.

అన్నయ్య ఇది మతిమరుపు జబ్బుకు మొదలు అంటున్నాడు. అమ్మ మాత్రం తనకు పిచ్చి పట్టిందని మేమంతా అనుకుంటామని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇలాంటిది మీలో ఎవరి ఇంట్లోనైనా జరిగిందా? ముందు ఎవరికి చూపించాలి?

లోచూపు

తూర్పుగాలి గారూ, చూపు తక్కువైనవారికి సహాయపడే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మీరు రాసినది చదువుతుంటే చార్లెస్ బోనె సిండ్రోమ్ అనే అనిపిస్తోంది. నిర్ధారించవలసింది వైద్యులే, అయినా ఈ రాత్రి మీ అమ్మగారికి ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు: ఇది పిచ్చి కాదు. మనసు సవ్యంగా ఉండి, చూపు మాత్రమే దెబ్బతిన్నవారికి వచ్చే స్థితి ఇది.

మెదడు వెనుక భాగంలో చూపుకు సంబంధించిన ప్రాంతాలు ఉంటాయి. కళ్ల నుంచి నిరంతరం సంకేతాలు అందుకోవడం వాటికి అలవాటు. ఆ సంకేతాలు తగ్గిపోతే అక్కడి నాడీకణాలు ఊరికే ఉండవు, అతిగా స్పందించే స్థితికి చేరి తమంతట తామే చిత్రాలను పుట్టిస్తాయి. చేయి తీసేసిన తర్వాత కూడా లేని వేళ్లు నొప్పి పుట్టడం గురించి వినే ఉంటారు. రెండింటి వెనుకా ఉన్న సూత్రం దగ్గరదగ్గరగా ఒకటే.

మాక్యులా జబ్బుతోనే కాదు, గ్లాకోమా (చాలావరకు కంటి ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు), మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం, ముదిరిన శుక్లాలు, పక్షవాతం వల్ల చూపులో కొంత భాగం పోవడం, వీటిలో దేనితోనైనా రావచ్చు. నెదర్లాండ్స్‌లో చూపు తగ్గిన సుమారు 500 మందిని ప్రశ్నించి 1996లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 60 మందికి ఇలాంటి అనుభవాలు ఉన్నాయి. అడిగితేనే బయటపడే సమస్య ఇది.

చెవులతోచదువు

నాకు గ్లాకోమా. తెరమీది అక్షరాలను ఫోను చదివి వినిపిస్తే వింటాను, జవాబు నోటితో చెప్పి రాయిస్తాను. తప్పులుంటే మన్నించండి.

అమ్మగారు చెప్పిన గళ్లు నాకు బాగా తెలుసు. నాకు మొదట వచ్చింది అదే. తెల్లటి గోడ వైపు చూస్తే సన్నని గీతల వల, తేనెపట్టులా ఆరు మూలల గదులు. కళ్లు కదిలిస్తే వల కూడా కదులుతుంది. తర్వాత ముఖాలు మొదలయ్యాయి. ఇవి కొంచెం కష్టం. మెడ ఉండదు, ఒళ్లు ఉండదు, ముఖం ఒక్కటే. కళ్లు మరీ పెద్దవి, పళ్లు బయటికి కనిపిస్తూ ఉంటాయి. నాకు తెలిసిన ఒక్క మనిషి ముఖమైనా ఇంతవరకు అందులో రాలేదు.

ఇంకొకటి చెప్పాలి. అవి మసకగా ఉండవు. నా చేతి గీతలే నాకు కనిపించవు, కానీ ఆ ముఖం మీది ముడతలు లెక్కపెట్టగలను. అమ్మగారు కుట్టుపని గురించి చెప్పిన మాట అక్షరాలా నిజం. ఎంత స్పష్టంగా కనిపిస్తే అంత అనుమానించాలని నేను నేర్చుకున్నాను. నా కళ్లు అంత బాగా చూడలేవు కదా!

కుర్చీ తడమడం మంచి పద్ధతి, మానవద్దని చెప్పండి. చేయి చాపి ముట్టుకోబోతే చాలాసార్లు మాయమవుతాయి. మెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకసారి చదునైన నేల మీద నాకు నీటి గుంట కనిపించి, దాన్ని దాటబోయి తూలాను. బొమ్మ హాని చేయదు, దాన్ని తప్పించుకోబోయి పడితే ఎముక విరుగుతుంది.

మలిసంధ్య

ఇక్కడ అందరూ ధైర్యం చెబుతున్నారు, సంతోషం. కానీ తూర్పుగాలి గారి అన్నయ్య భయాన్ని తేలిగ్గా తీసిపారేయవద్దని నా మనవి.

మా నాన్నగారికి కూడా చూపు తక్కువే. మనుషులు, పిల్లలు, కుక్కలు కనిపించేవి. కంటి వల్లనే అని అక్కడితో ఆగిపోయి ఉంటే అసలు జబ్బు తెలిసేది కాదు. ఆయనకు నిద్రలో చేతులు కాళ్లు విసరడం ఉండేది. నడక నెమ్మదించింది. ఒక రోజు చురుకుగా, మరుసటి రోజు అయోమయంగా ఉండేవారు. ఆ మనుషులతో మాట్లాడేవారు, వాళ్లకు చోటివ్వమని మాకు చెప్పేవారు. నరాల వైద్యులు చూసి లెవీ బాడీ డిమెన్షియా అన్నారు, అది మతిమరుపు జబ్బుల్లో ఒక రకం. ఆ జబ్బులో కొన్ని మానసిక రోగాల మందులు, ముఖ్యంగా హాలోపెరిడాల్ లాంటివి, మనిషిని ఒక్కసారిగా బిగుసుకుపోయేలా చేయగలవు. సరైన పేరు తెలియకుండా భ్రాంతులు తగ్గడానికని ఎవరైనా ఆ మాత్ర రాస్తే ప్రాణం మీదికి వస్తుంది.

చూపు తగ్గినంత మాత్రాన ప్రతి భ్రాంతీ కంటిదే కాదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

లోచూపు

మలిసంధ్య గారి హెచ్చరికతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బోనె సిండ్రోమ్ అని తేల్చే పరీక్ష ఏదీ లేదు, మిగతా కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాకే ఆ పేరు పెడతారు. తూర్పుగాలి గారూ, ఇవి గమనించి చెప్పండి. ఆ మనుషులు మాట్లాడుతున్నారా? వాసన గాని, తాకినట్టు గాని ఉంటుందా? బోనె సిండ్రోమ్‌లో చూపు తప్ప మరే ఇంద్రియమూ కలగజేసుకోదు. అవి నిజం కావని ఆమెకు తెలుసా? మొదటిసారి చూసినప్పుడు ఎవరైనా ఒక క్షణం నమ్ముతారు, అది వేరు. చెప్పాక కూడా నిజమేనని పట్టుబడితే, వాటి చుట్టూ కథ అల్లితే, అప్పుడు ఆలోచించాలి. జ్ఞాపకం, నడక, నిద్ర ఎలా ఉన్నాయి?

ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంతో పాటు మొదలైతే అది వేరే సంగతి. పెద్దవారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇవన్నీ భ్రాంతులు తెప్పిస్తాయి. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

కంటి చుక్కల పేర్లు కూడా రాసి పెట్టుకోండి. గ్లాకోమాకు వాడే బ్రిమోనిడిన్ చుక్కలతో ఇలాంటి భ్రాంతులు వచ్చి, మందు మార్చాక తగ్గినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. అంతమాత్రాన సొంతంగా చుక్కలు ఆపకండి. కంటి ఒత్తిడి పెరిగితే ఉన్న చూపు కూడా పోతుంది.

తూర్పుగాలి

చాలా ధన్యవాదాలు. అన్నీ చదివి వినిపించాను. మాటలు లేవు, వాసన లేదు. మొన్న ఒక్కసారి మాత్రం నిజమనుకుని లేచిందట, ముట్టుకోబోతే లేవని తెలిసి మళ్లీ కూర్చుంది. నడక, నిద్ర బాగానే ఉన్నాయి. చెవులతోచదువు గారి పళ్ల ముఖాల సంగతి వినగానే "ఆయనకూ పళ్లేనా!" అంది. ముఖాలు కనిపిస్తున్నాయని అప్పటిదాకా నాకు చెప్పనే లేదు.

ఇవి వచ్చినప్పుడు పోగొట్టే ఉపాయం ఏమైనా ఉందా అని అడగమంది.

చెవులతోచదువు

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. అవును, పళ్లే!

నేను చేసేది ఇది. తల కదపకుండా కళ్లు మాత్రమే కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, సుమారు సెకనుకొకసారి తిప్పాలి. అలా పదిహేను సార్లు. కాసేపు ఆగి మళ్లీ. నాలుగైదు విడతల్లో పోకపోతే ఆరోజుకు వదిలేయాలి, కళ్లు అలసిపోవడం తప్ప లాభం ఉండదు. గళ్లకు నాకు ఇది బాగా పనిచేస్తుంది, ముఖాలకు అంతగా చేయదు.

ముఖాలు వస్తే లేచి వేరే గదిలోకి వెళతాను. లేదా దీపం వేస్తాను, దీపం వెలుగుతూ ఉంటే ఆర్పుతాను. వెలుగు మారడమే ముఖ్యం. అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది పని. ఊరికే కూర్చుంటే వస్తాయి, ఎవరితోనైనా మాట్లాడుతుంటే రావు.

కృష్ణపక్షం

నా భార్యకు కళ్లు తిప్పడం అసలు పనిచేయలేదు, తల తిరిగింది. ఆమె కనిపించినదాని వైపే సూటిగా చూస్తూ ఉంటుంది. తప్పించుకోవాలని చూస్తే ఎక్కువసేపు ఉంటాయని, నేరుగా చూస్తే కరిగిపోతాయని అంటుంది. ఎవరికి ఏది కుదురుతుందో వారే కనుక్కోవాలి.

మాకు బాగా ఉపయోగపడినది వెలుతురు. సాయంత్రం చీకటి పడకముందే అన్ని గదుల్లోనూ దీపాలు వేస్తాను. నిద్ర సరిగ్గా లేని రోజుల్లో ఎక్కువ వస్తున్నాయని కూడా గమనించాం. ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉంది: ఆమె "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది, నేను "లేరు" అని మాత్రమే అంటాను. కంగారు పడను, పరీక్షగా చూడను. అంతకు మించి ఆమెకు అక్కర్లేదు.

గవ్వలమూట

ఈ పేరు వెనుక కథ మీ అమ్మగారికి నచ్చుతుందేమో. చార్లెస్ బోనె జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త. 1720లో పుట్టాడు. పేనుబంక పురుగుల్లో ఆడవి మగవాటి అవసరం లేకుండానే పిల్లలను కంటాయని ఇరవై ఏళ్ల వయసులో గమనించి పేరు తెచ్చుకున్నాడు.

ఆయన తాతగారు చార్లెస్ లులాన్ న్యాయాధికారిగా పనిచేసినవారు. శుక్లాలకు శస్త్రచికిత్స జరిగినా చూపు మళ్లీ క్షీణించింది. 89 ఏళ్ల వయసులో ఆయన తనకు కనిపిస్తున్నవన్నీ పూసగుచ్చినట్టు చెప్పి రాయించాడు. మూలల్లో పసుపు వృత్తాలున్న నీలి రంగు చేతి రుమాలు ఆయన కళ్లు ఎటు తిరిగితే అటు కదిలేది. చక్కగా అలంకరించుకున్న స్త్రీలు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి. ఒక్కటీ నిజం కాదని ఆయనకు తెలుసు. మనవడు 1760లో తన గ్రంథంలో ఆ అనుభవాలను ప్రస్తావించాడు. తర్వాత బోనెకూ చూపు తగ్గింది, ఆయనకూ ఇలాంటివే కనిపించాయని చెబుతారు. తాతగారి వాంగ్మూలం పూర్తి పాఠం 1902లో గాని అచ్చు కాలేదు. జెనీవాకే చెందిన నరాల వైద్యుడు జార్జ్ ద మోర్సియే 20వ శతాబ్దంలో ఈ స్థితికి బోనె పేరు పెట్టాడు.

నాకు ఇందులో నచ్చేది తాత చెప్పడం, మనవడు నమ్మడం. తాతకు మతి తప్పిందని మనవడు అనుకుని ఉంటే ఈ స్థితికి ఇంకెవరి పేరో ఉండేది.

సినాప్స్

నాడీశాస్త్రం చదువుతున్నాను. మెదడులో ఏం జరుగుతుందో లోచూపు గారు చెప్పారు, దానికి ఆధారాలు కొన్ని చేరుస్తాను. లండన్‌లో డొమినిక్ ఫిచ్ బృందం ఇలాంటి వారిని స్కానర్‌లో పడుకోబెట్టి, భ్రాంతి వచ్చినప్పుడల్లా చెప్పమన్నారు. 1998లో ప్రచురించారు. రంగులు కనిపిస్తున్నవారిలో మెదడులో రంగులను గుర్తించే ప్రాంతం, ముఖాలు కనిపిస్తున్నవారిలో ముఖాలను గుర్తించే ప్రాంతం చురుకవుతున్నాయి. అంటే వారు ఊహించుకోవడం లేదు. నిజంగా చూసినప్పుడు పనిచేసే భాగమే పనిచేస్తోంది. చెవులతోచదువు గారికి ముఖాల మీది ముడతలు అంత తేటగా కనిపించడానికి ఇదే కారణం: దెబ్బతిన్న కంటి గుండా ఆ బొమ్మ రావడమే లేదు.

2004లో బోస్టన్‌లో చూపు బాగా ఉన్న 13 మందికి ఐదు రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచారు. వారిలో 10 మందికి ఏవో ఒకటి కనిపించాయి. కొందరికి మెరుపులు, కొందరికి ముఖాలు, దృశ్యాలు. గంతలు తీశాక పోయాయి. మంచి కళ్లున్నవారికే ఇలా జరుగుతుంటే, నెలల తరబడి సంకేతాలు అందని మెదడు చేసే పనిని జబ్బు మనసు అనడం ఎంత అన్యాయమో!

పిల్లలగది

ఇది ముసలివారి సమస్య అనే చాలామంది రాస్తుంటారు, అందుకే చెబుతున్నాను. మా అబ్బాయికి స్టార్‌గార్ట్ జబ్బు. మాక్యులా దెబ్బతింటుంది. బడికి వెళ్లే వయసులోనే వాడికి ఇవి మొదలయ్యాయి. రాత్రిళ్లు ఒంటరిగా పడుకోనని ఏడ్చేవాడు, కారణం చెప్పేవాడు కాదు. చూపు తగ్గిన పిల్లలున్న తల్లిదండ్రులు దయచేసి సూటిగా కాక పక్కగా అడగండి: "కళ్లు సరిగ్గా కనిపించని కొందరికి మెదడు బొమ్మలు వేసి చూపిస్తుందట, నీకు ఎప్పుడైనా వేసిందా?" ఆ మాట అన్న నిమిషంలోనే మావాడు బయటపడ్డాడు. ఇప్పుడు కనిపించినవి కాగితం మీద గీసి నాకు చూపిస్తాడు.

మలిసంధ్య

ఒక సందేహం. పిల్లలకైనా పెద్దలకైనా ఏమీ కనిపించకముందే "నీకు ఇలా కనిపించవచ్చు" అని చెప్పడం మంచిదేనా? లేని భయాన్ని పుట్టించినట్టు కాదా? మా నాన్నగారికైతే చెప్పి ఉంటే ఇంకా కలవరపడేవారు.

చెవులతోచదువు

మలిసంధ్య గారూ, మీ మీద గౌరవంతోనే గట్టిగా కాదంటున్నాను. చూపు పోతుందని చెప్పినప్పుడు నాకు చుక్కలు, ఆపరేషన్లు, చేతికర్ర గురించి అన్నీ చెప్పారు. ఈ ఒక్క మాట చెప్పలేదు. మొదటి ముఖం కనిపించిన రాత్రి నా చూపుతో పాటు నా బుద్ధి కూడా పోతోందని అనుకున్నాను. ఇంట్లో చెబితే నా సంతకానికి విలువ ఉండదేమో, నన్ను ఒంటరిగా బయటికి పంపరేమో అని లెక్కలు వేసుకున్నాను. ముఖాలకన్నా ఆ లెక్కలే నన్ను ఎక్కువ హింసించాయి. ముందే ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ రోజులు నాకు ఉండేవి కావు.

లోచూపు

నా అనుభవం కూడా అదే చెబుతుంది. చెప్పినందువల్ల భ్రాంతులు వచ్చినవారిని నేను చూడలేదు, చెప్పనందువల్ల కుమిలిపోయినవారిని ఎందరినో చూశాను. ఎలా చెప్పాలన్నదే అసలు విషయం. "కొందరికి రావచ్చు, అందరికీ రావు, వస్తే మాకు చెప్పండి" అంటే చాలు.

మంచి మాటలతో మభ్యపెట్టకూడదు కూడా. ఏడాది, ఏడాదిన్నరలో అవే పోతాయని ఇదివరకు చెప్పేవారు. బ్రిటన్‌లో మాక్యులా జబ్బు ఉన్నవారి సంఘం సభ్యులపై జరిపిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. భ్రాంతులు ఉన్నవారిలో 88 శాతం మందికి అవి రెండేళ్లు, అంతకు మించి కొనసాగాయి. సుమారు మూడో వంతు మందికి బాధాకరంగా ఉన్నాయి. ముందే తెలిసి ఉండటం, ఇది మానసిక జబ్బు కాదని తెలియడం ఆ బాధను తగ్గించేవాటిలో ఉన్నాయి. చాలామందిలో కాలం గడిచేకొద్దీ రావడం తగ్గుతుంది, భయం అంతకన్నా ముందే తగ్గుతుంది. అందరికీ పనిచేసే మందు అంటూ లేదు. మరీ బాధపెడుతుంటే కొందరికి నిపుణులు మందులు ప్రయత్నిస్తారు. శుక్లాల వంటి సరిచేయగల కారణం ఉంటే దాన్ని సరిచేయడం అన్నిటికన్నా మేలు.

మలిసంధ్య

సరే, అలా చెప్పడంలో తప్పు లేదని ఒప్పుకుంటాను. కానీ "మాకు చెప్పండి" అన్నవారు చెప్పినప్పుడు వినాలి కూడా. వైద్యుడి గదిలో అంత సమయం ఎవరికి ఇస్తున్నారు?

తూర్పుగాలి

మొదట కంటి వైద్యురాలి దగ్గరికి, తర్వాత ఆవిడే పంపితే నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లాం. మలిసంధ్య గారూ, ఆయన విన్నారు. అమ్మ చేత గడియారం ముఖాన్ని అంకెలతో సహా నోటితో వర్ణింపజేశారు, మాటలు గుర్తుపెట్టుకోమని కాసేపాగి అడిగారు, నడిపించి చూశారు. మూత్ర పరీక్ష, రక్త పరీక్షలు బాగున్నాయి. ప్రస్తుతానికి బోనె సిండ్రోమ్‌గానే భావిస్తున్నామని, ఆరు నెలల తర్వాత మళ్లీ చూస్తామని అన్నారు. మాటలు వినిపించడం, అయోమయం, నడకలో మార్పు కనిపిస్తే ఆగకుండా రమ్మన్నారు. అన్నయ్య కూడా వచ్చాడు. తన ప్రశ్నలన్నీ తానే అడిగాడు, ఇప్పుడు కుదుటపడ్డాడు.

టోపీల మనుషులు ఇంకా వస్తూనే ఉన్నారు. అమ్మ మాత్రం కళ్లు తిప్పడం కన్నా దీపం వేయడమే నయమంటోంది. కుర్చీ తడమడం మానలేదు.

కొత్తసభ్యురాలు

ఈ చర్చ మొత్తం మావారికి చదివి వినిపించాను. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు చూపు పోయింది. చివరిదాకా విని, తనకు మనుషులు కనిపించరని, ఎడమ వైపు మాత్రం ఏవో అక్షరాల వరసలు వస్తాయని, చదవబోతే ఏ భాషా కాదని చెప్పారు. ఇది కూడా ఇందులోకే వస్తుందా?

లోచూపు

రావచ్చు. అక్షరాలు, సంగీత స్వరలిపి వంటివి కనిపిస్తాయని, చదవబోతే అర్థం ఉండదని చెప్పేవారు చాలామందే ఉన్నారు. చూపు పోయిన వైపునే కనిపించడం కూడా మామూలే. అయితే పక్షవాతం తర్వాత కాబట్టి ఒక్కటి తప్పక గమనించండి: ప్రతిసారీ అచ్చంగా ఒకే బొమ్మ వచ్చి కొద్ది సెకన్లు లేదా నిమిషాల్లో పోతోందా, ఆ సమయంలో ఆయన పలకరిస్తే పలకడం లేదా, కన్ను గాని తల గాని ఒక వైపుకు లాగుతోందా? అలా ఉంటే మూర్ఛకు సంబంధించినది కావచ్చు, దానికి వేరే చికిత్స ఉంది. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నది ఒక కాగితం మీద రాసి ఈ వారంలోనే ఆయన నరాల వైద్యుడికి చూపించండి.